రిజర్వులో పడింది

బొడ్డుకి కుడిపక్క, చర్మం కింద,
అరచేతిలో పట్టే గుండ్రటి డబ్బా.
దాంట్లోంచి దారమంత గొట్టం ఒకటి
నడుం చుట్టూ తిరిగి వెన్నులోకి దూరుతుంది.
డాక్టరు దాన్ని పంపు అంటాడు.
నేను ట్యాంకు అంటాను.
ఇరవై ఆరేళ్లు ఆర్టీసీ స్టీరింగు పట్టినవాణ్ణి,
ఇంకేమంటాను?

మాచర్ల రోడ్డు ఇంకా నా వెన్నులోనే ఉంది,
ప్రతి గుంటా, ప్రతి కల్వర్టూ,
స్ప్రింగులు చచ్చిన ఆ సీటూ.
రెండు ఆపరేషన్లు, నాలుగు స్క్రూలు.
స్క్రూలు పట్టాయి, నొప్పి వదల్లేదు.
నేను బండి దిగిపోయాను, అది దిగలేదు.
టికెట్టు లేకుండా ఎక్కి
వెనక సీట్లో కాళ్లు చాపుకుని పడుకుంది.

ట్యాంకులో పట్టేది ఇరవై మిల్లీలీటర్ల మార్ఫిన్.
రోజుకి పావు మిల్లీలీటరు కూడా ఖర్చవదు.
ఇంత కేఎంపీఎల్ నా సర్వీసులో ఏ బండీ ఇవ్వలేదు.
డిపో నోటీసుబోర్డు మీద నెలనెలా అంటించే పట్టీలో
కింద నుంచి మూడో పేరు నాది.
చూడు మేనేజరూ, ఇప్పుడొచ్చి చూడు.

మూడు నెలలకోసారి సూర్యారావుపేట.
కెజియా సిస్టరు వేళ్లతో తడిమి
మూత ఎక్కడుందో వెతుక్కుంటుంది,
సూది దింపి, పాతది లాగి, కొత్తది ఎక్కిస్తుంది.
ఎంతకి కొట్టమంటారని అడగదు.
నేనే అంటాను, ఫుల్లు.
నవ్వుతుంది, ప్రతిసారీ, కొత్తగా విన్నట్టే.

నొప్పి పోయిందా అంటారు.
పోలేదు.
పక్కింట్లో పెట్టిన టీవీలా గోడ అవతల ఉంది,
మాటలు తెలియవు, మోగుతోందని తెలుస్తుంది.
ఆ గోడ చాలు.
దానికి చేరగిలబడి అన్నం తింటున్నాను,
చెప్పుల బెల్టు నేనే పెట్టుకుంటున్నాను,
మార్తమ్మ పక్కన వెల్లకిలా పడుకుంటున్నాను.

బుడమేరు వచ్చిన రాత్రి
సింగ్‌నగర్‌లో మా వీధి లేదు.
మీటరు బాక్సుల దాకా నీళ్లు,
డాబా మీద ఏడు కుటుంబాలం,
ఒక టార్పాలిన్, సగం గ్యాసు బండ.
మూడో రోజుకి ఎవరి ఫోనూ బతికి లేదు.
నా సూది తేదీ మంగళవారం.
మంగళవారం మా కళ్లముందే
కుర్చీలతో, బిందెలతో పాటు తేలుతూ వెళ్లిపోయింది.
మార్తమ్మకి వేళ్ల మీద లెక్క, పెదాల మీద ప్రార్థన.
నేను గోడ పల్చబడటం వింటూ పడుకున్నాను.
అవతల మాటలు
ఒక్కొక్కటే అర్థమవుతున్నాయి.

గురువారం, ఇంకా తెల్లవారలేదు.
కీక్. కీక్.
"ఫోను! ఎవరిదో ఫోను మోగుతోంది!"
దిగ్గున లేచాడు సుభానీ కొడుకు ఇర్ఫాను,
దుప్పట్లు దులిపాడు, సంచులు తిరగేశాడు,
నిద్రపోయేవాళ్ల తలల కింద చెయ్యి పెట్టాడు.
అందరూ లేచారు. అందరి మొహాల్లో
ఒక్క గీత చార్జింగు.
వెతికి వెతికి
వాడు నా పొట్టకి చెవి ఆన్చాడు.

ఏం చెప్పను పిల్లాడికి?
"రిజర్వులో పడిందిరా," అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

పాల ప్యాకెట్ల పడవ వీధి మలుపు తిరగ్గానే
పిట్టగోడ ఎక్కి వాడు కేకలు పెట్టాడు,
పాల కోసం కాదు, "ఇక్కడ మనిషికి
ట్యాంకు అయిపోతోందన్నా" అని.
బందరు నుంచొచ్చిన పడవవాడు
ఆ మాటకి అర్థమడగలేదు.
పాల ట్రేల మధ్య గోనెలు పరిచి నన్ను పడుకోబెట్టాడు.
తెడ్డు పడ్డప్పుడల్లా వెనక సీటు కదిలింది.
పైపులరోడ్డు సెంటర్లో
బోర్డు దాకా మునిగిన బస్సు.
ఏ డిపోదో చదువుదామని తల ఎత్తబోయాను,
వెన్ను ఎత్తనివ్వలేదు.

కెజియా సిస్టరు ఇంట్లోకీ నీళ్లొచ్చాయట,
మోకాళ్ల దాకా తడిసిన చీరతోనే వచ్చింది.
తడిమింది. మూత దొరికింది. సూది దింపింది.
నేను నోరు తెరిచాను గానీ
మాట రాలేదు.

"ఫుల్లు," అంది ఆవిడే.